తప్పుల బుక్కు

బ్రష్షులు కడగడం అంజవ్వ పని. పెళ్ళయిన మూడో రోజున మొదలైంది, పదమూడేళ్ళుగా ఒక్క పూట ఆగలేదు. గంగాదాస్ పొద్దుగూకే వేళకు సైకిలు దిగి, బ్రష్షులు గుచ్చిన డబ్బాను నల్లా పక్కన పెట్టి, "చాయ్ పెట్టు" అని మంచం మీద వాలిపోతాడు. అంజవ్వ చాయ్ పెట్టి ఇచ్చి, డబ్బా ముందు గొంతుక్కూర్చుంటుంది. ముందు కిరోసిన్‌లో నానబెట్టాలి. తర్వాత వెంట్రుకల మొదట్లో వేళ్ళతో నొక్కి, లోపల దాక్కున్న రంగు పిండాలి. తర్వాత సబ్బు. ఆ తర్వాత కొసలు సన్నగా దువ్వి, నిలబెట్టి ఆరబెట్టాలి. మొదట్లో కాస్త ఎనామిల్ మిగిలిందంటే తెల్లారేసరికి బ్రష్షు చీపురైపోతుంది. పెయింటర్ గంగాదాస్‌కు ఈ ముక్క తెలియదు. ఆయన చేతికి ఎప్పుడూ మెత్తటి బ్రష్షే అందింది, ఇక తెలియాల్సిన అవసరం ఏముంది.

ఆ చేతులతోనే రొట్టెలు. అత్త భీమవ్వ మొదటి ముక్క తుంచి ముక్కు దగ్గర పెట్టుకునేది. "రొట్టె గాసునూనె వాసనొస్తుంది. జర మంచిగ కడుక్కోరాదే చేతులు" అనేది. కడుక్కున్న చేతులే అవి, చింతపండు పెట్టి రుద్ది రుద్ది కడుక్కున్న చేతులు. గంగాదాస్ కంచం మీంచి తలెత్తకుండా, "పని చేసే ఇల్లన్నంక వాసన రాదానే అమ్మా" అనేవాడు. తన తరఫున మాట్లాడాడని అంజవ్వ చాలా ఏళ్ళు మురిసిపోయింది. ఆ పని ఎవరిదో ఆ మాటలో ఎక్కడా లేదని ఆమెకు ఆలస్యంగా తట్టింది.

ఆర్మూర్ బస్టాండు దాటాక నిజామాబాద్ రోడ్డు మీద రేకు షట్టరు గది ఒకటుంది. దాని మీద 'దాస్ ఆర్ట్స్' అని రాసి ఉంటుంది. ఆ అక్షరాలు గంగాదాస్‌వే, అందులో అబద్ధం లేదు. అక్షరాల్లో ఆయనకు సాటి వచ్చేవాడు చుట్టుపక్కల లేడు. కానీ అక్షరం పక్కన బొమ్మ వచ్చేసరికి చెయ్యి ఆగిపోతుంది. ఆయన ఎద్దును గీస్తే అది మేకా, ఎద్దా అని గీయించుకున్నవాళ్ళే అడిగేవాళ్ళు. పెళ్ళికి ముందు సిరికొండలో పుట్టింటి మట్టిగోడల మీద జాజుతో, సున్నంతో నెమళ్ళు గీసిన అంజవ్వ ఈ సంగతి మొదటి నెలలోనే కనిపెట్టింది. నవ్వలేదు. "జర జరుగు" అని బ్రష్షు తీసుకుని ఎద్దుకు మూపురం పెట్టింది. ఆనాటి నుంచి బొమ్మలు ఆమెవి, అక్షరాలు ఆయనవి, కింద పేరు దాస్‌ది. గోడల పనికి వెళ్ళినప్పుడు ఆయన నిచ్చెనెక్కి, వచ్చే పోయేవాళ్ళను మాటల్లో పెడుతూ అక్షరాలు రాస్తుంటే, ఆమె తలనిండా కొంగు కప్పుకుని ఒక మూల బొమ్మ వేసేది. ఎవరైనా అడిగితే, "నేను గీస్త, ఆమె రంగు నింపుతది" అనేవాడు. ఇంటికొచ్చాక మాత్రం మెత్తగా, "నీదైతేంది, నాదైతేంది, ఇల్లు ఒక్కటే కదనే" అనేవాడు. ఇల్లు ఒక్కటే అన్నప్పుడు పేరు కూడా ఒక్కటే చాలునన్నమాట. అప్పుడు ఆమెకు అది ప్రేమలాగే వినిపించింది, ఏం చేస్తాం.

మొదటి తప్పు ఎనభై ఒకటిలో జరిగింది. అంకాపూర్ తోవలో కొత్తగా విత్తనాల దుకాణం పెడుతున్న సేటు, గోడ నిండా పొద్దుతిరుగుడు పువ్వు కావాలన్నాడు. ఇంకా సగం రెక్కలు మిగిలాయనగా పసుపుపచ్చ రంగు పొడి అయిపోయింది. గంగాదాస్ బీడీ ముట్టిస్తూ, "గిప్పుడు దుకాన్ దాక ఎవడు వోతడు. ఇంటికాంచి పసుపు తెచ్చి కలుపు. ఆర్మూర్ల పసుపుకు కరువా" అన్నాడు. అంజవ్వకు పంతొమ్మిదేళ్ళు. మొగుడు చెప్పాడు, తెచ్చింది, జిగురు నీళ్ళలో కలిపింది, నిన్ననే సున్నం వేసిన గోడ మీద పూసింది. చూస్తుండగానే రెక్కలు ఎర్రబారాయి. పసుపూ సున్నమూ కలిస్తే పారాణి అవుతుందని ఆమెకు తెలియక కాదు, సిరికొండలో ఎంతమంది పెళ్ళికూతుళ్ళ పాదాలకు తానే కలిపి పూసింది. పాదాల దగ్గర తెలిసిన సంగతి గోడ దగ్గర తట్టలేదు. సేటు వచ్చి చూసి గొంతు పెంచాడు. గంగాదాస్ బీడీ పారేసి, "ఏం జేయాలె సేటూ, మా ఆమె తప్పు. తెల్వక కలిపింది. రేపు నేనొచ్చి సాఫ్ జేస్త" అన్నాడు. అంజవ్వ తల వంచుకుని నిలబడింది. కొత్త కోడలు, నోట్లో నాలుక ఉందని అప్పటికి ఆమెకే తెలియదు.

మర్నాడు ఆయన ఆ రెక్కలను గీకి, పసుపుపచ్చ రంగు కొనుక్కొచ్చి మళ్ళీ వేయించాడు. ఆ సంగతి ఆయన మరిచిపోయాడు. అంజవ్వకు మాత్రం ఆ ఎరుపు కళ్ళలో నిలిచిపోయింది. రెండు అట్టముక్కలకు సున్నం పూసి, ఆరాక వాటి మీద పసుపుతో రెక్క ఒకటి వేసింది. ఒకటి పెట్టెలో బట్టల అడుగున దాచింది. ఇంకొకటి కొట్టం మీద ఎండలో పెట్టింది. రోజూ బట్టలు ఆరేసే నెపంతో వెళ్ళి చూసేది. పదిరోజులకు పెట్టెలోది ఎర్రగానే ఉంది, ఎండలోది వెలిసిపోయి మురికి మరకలా మిగిలింది. ఎవరో ఇచ్చిన పాత డైరీ ఒకటి ఇంట్లో పడి ఉంటే, అందులో మొదటి పేజీలో ఎర్ర రెక్క అతికించి, కింద ఏడో తరగతి చదువుతో "సున్నం మీద పసుపు. ఎర్రగయ్యింది" అని రాసింది. పేజీ తిప్పి వెలిసిన రెక్క అతికించి, దాని కింద ఇంకో రెండు మూడు ముక్కలు రాసింది. రాసింది చదువుకుంటే భయమేసింది. ఇంట్లో ఎవరి కంటనైనా పడితే? మైదాపిండి ఉడికించి, ఆ పేజీని ఎదుటి పేజీతో కలిపి అంచులు అతికించేసింది.

అలా మొదలైంది ఆ డైరీ. అంజవ్వ నేర్చుకున్నదంతా చెడగొట్టే నేర్చుకుంది. నేర్పేవాళ్ళెవరు గనక? టాకీసులో ఇంటర్వెల్లప్పుడు వేసే ప్రకటన గాజుపలక మీద బట్టల దుకాణం కోసం ఎర్ర గులాబీ వేసింది, ఎనామిల్‌తో చిక్కగా, ముచ్చటగా. తెర మీద అది నల్లటి ముద్దగా వచ్చింది. జనం నవ్వారు. గాజు మీద రంగు కంటికి కాదు, వెలుతురుకు దారి ఇవ్వాలని ఆ రోజు తెలిసింది. ట్రాక్టర్ ట్రాలీ వెనక లక్ష్మీదేవిని వేసినప్పుడు టర్పెంటైన్ దండగని గంగాదాస్ అంటే, కిరోసిన్ పోసి పలచన చేసింది. వారమైనా రంగు ఆరలేదు. మార్కెట్ యార్డులో పసుపు కొమ్ములు పాలిష్ పట్టే చోట ఆ ట్రాలీని నిలిపితే, దుమ్మంతా వచ్చి అమ్మవారి మొహానికి అంటుకుంది. రైతు అదేదో మహిమ అనుకుని దండం పెట్టాడు గనక బతికిపోయారు. పోస్టర్ రంగుల్లో, అడుగు పూత ఆరకుండానే పైపూత వేసి బడి చార్టు మీద చెరువును బురద చేసింది. ఆయిల్ రంగుల్లో మొదటిసారి చచ్చిపోయిన ఒక ముసలామె పటం వేస్తూ, నీడ కోసం నలుపు కలిపింది. పటం చూసిన కూతుళ్ళు, "మా అవ్వ మొఖం గింత మురికిగ ఎందుకున్నది" అని ఏడ్చారు. ఆ ఏడుపు అంజవ్వ చెవుల్లో నెలరోజులుంది. మన ఒంటి నీడలో నలుపుండదు, ఎరుపుంటుంది, నీలముంటుంది అని ఆమె తన మోచేతినే ఎండలో తిప్పి తిప్పి చూసుకుని తెలుసుకుంది. మధ్యాహ్నం అన్నాలయ్యాక అత్త కునుకు తీసే గంటలో ఇవన్నీ ఆ డైరీలోకి చేరేవి. చెడినదాన్ని అట్టముక్క మీద మళ్ళీ వేసి అతికించడం, కింద ఒక్క వాక్యం రాయడం. ఎలా బాగుచేసిందో రాయలేదు, అది చేతికే తెలుసు కదా అనుకుంది.

ఇంటికెవరైనా వస్తే గంగాదాస్ ఆ డైరీ తీసి చూపించి నవ్వేవాడు. "మా ఆమె తప్పుల బుక్కు. గీమె ఎన్ని ఖరాబు చేసిందో సూడున్రి" అనేవాడు. వచ్చినవాళ్ళూ నవ్వేవాళ్ళు. అంజవ్వ చాయ్ గ్లాసులు అందిస్తూ తానూ నవ్వేది. ఆ అంటించిన పేజీల గురించి ఎవరూ అడగలేదు. ఏదో రంగు కారి అతుక్కుందనుకున్నారు.

తొంభై మూడు సంక్రాంతి వెళ్ళాక ఒక రోజు చూస్తే డైరీ లేదు. పెట్టె వెతికింది, అటక వెతికింది, కొట్టంలో గడ్డి కింద కూడా వెతికింది. అడిగితే గంగాదాస్ గడ్డం గీసుకుంటూ, "అమ్మ పొయ్యి ముట్టియ్య పాత కాయితాలు ఏరింది గదా మొన్న. గందుల పోయిందేమో. ముసలామెను ఏమనకు, ఆమెకేం తెలుసు" అన్నాడు. ఎంత మంచి కొడుకో చూడండి. అంజవ్వ అత్తకు నీళ్ళు ఇచ్చేటప్పుడు చెంబు కాస్త గట్టిగా కింద పెట్టింది. నెలరోజులు ఆ ముసలామెతో ముక్తసరిగా మాట్లాడింది. పన్నెండేళ్ళ కష్టానికి అగ్గిపెట్టిన చేతులకు రొట్టె అందించడానికి మనసొప్పలేదు. భీమవ్వ కూడా ఎందుకో ఆ నెలంతా రొట్టె వాసన చూడకుండానే తినేసింది.

ఆ నెలలోనే గంగాదాస్‌కు ఇంకో పని కుదిరింది. ఆడపిల్లలకు చేతిపనులు నేర్పే శిక్షణ ఒకటి మహిళా మండలి హాలులో పెట్టారు. బొమ్మలు నేర్పే మాస్టరుగా ఆయన్ను తీసుకున్నారు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, సంచి భుజాన తగిలించుకుని పదింటికల్లా వెళ్ళేవాడు. బొమ్మ గీయలేని మనిషి బొమ్మలేం నేర్పుతాడా అని అంజవ్వకు అనుమానం రాకపోలేదు. అడిగితే, "థియరీ చెప్తున్న" అన్నాడు. థియరీ అంటే ఏమిటో ఆమెకు తెలియదు. పెద్ద సంగతేనేమో అనుకుంది.

పక్కింటి ఆశమ్మ ఆ హాలు ఊడుస్తుంది. ఆమె కూతురు రూతమ్మ ఆ శిక్షణకే వెళుతుంది, పది తప్పి ఇంట్లో ఉన్న పిల్ల. ఒక మధ్యాహ్నం రూతమ్మ చల్ల కోసం వచ్చి, గిన్నె పట్టుకుని గుమ్మంలోనే నిలబడి చెప్పడం మొదలుపెట్టింది.

"సారు మస్తు మంచోడు అత్తా. ఆయనకాడ ఒక బుక్కున్నది. పన్నెండేండ్ల సంది ఆయన చేసిన తప్పులన్ని గందుల అతికించుకున్నడు. గాజుపలక మీద పువ్వు నల్లగయిందట. ట్రాలీ మీద లక్ష్మికి పసుపు దుమ్ము అంటిందట. 'నేను చెడగొట్టి నేర్చుకున్న, మీరు చెడగొట్టకుంట నేర్చుకోన్రి' అంటడు. శిక్షణ పెట్టిన మేడమ్ అయితే, తన తప్పులు తనే చెప్పుకునే మొగాయన్ను నేను సూడలేదు అన్నది."

అంజవ్వ చల్ల పోస్తూనే ఉంది. గిన్నె నిండి గచ్చు మీద పారింది. రూతమ్మ "అత్తా, చల్ల" అనేదాకా ఆమెకు తెలియలేదు.

బొమ్మలు తీసుకున్నాడు. దానికి ఆమె ఎప్పుడో అలవాటు పడింది. గోడ మీది నెమలి, ట్రాలీ మీది లక్ష్మి, ముసలామె పటం, అన్నీ ఊరి మీదికి వెళ్ళిపోయాయి, దాస్ పేరు మీద బతుకుతున్నాయి, బతకనీ. బాగా వచ్చింది ఎలాగూ తనకు దక్కదు. కానీ చెడిందల్లా తనది. ఎవరూ వద్దన్నది, అందరూ నవ్వినది, అదొక్కటే ఆ ఇంట్లో ఎవరూ పంచుకోకుండా తనకు మిగిలిన ఆస్తి. తప్పులను కూడా దొంగతనం చేస్తారని ఆమె కల్లో కూడా అనుకోలేదు. ఆ తప్పుల వెనక ఉన్న తిట్లు తను తిన్నది. ఆ నవ్వులు తను మింగింది. ఆ మోచెయ్యి తనది. ఇప్పుడు ఆయన వాటిని చొక్కా జేబులో పెన్నులా పెట్టుకుని తిరుగుతున్నాడు, పైగా వినయం గలవాడని పేరు. అంజవ్వకు ఏడుపు రాలేదు. గుడ్డ తెచ్చి గచ్చు మీది చల్ల తుడిచింది.

సాయంత్రం ఆశమ్మ వచ్చి చెయ్యి పట్టుకుని కూర్చుంది. కూతురు చెప్పింది సగమే, మిగతా సగం ఆమె దగ్గరుంది. "అంజక్కా, నీకు చెప్పాల్నా వద్దా అని నెల సంది మస్తు ఫికరైంది. మొదటి దినం మేడమ్ అడిగింది, ఆడపిల్లలకు నేర్పెటందుకు ఆడామె ఉంటె మంచిగుంటది, మీ ఇంట్ల ఆమెకు వస్తదా అని."

"ఏమన్నడు?"

"ఆమెకు బ్రష్షులు కడుగుడు తప్ప ఏం రాదు మేడమ్ అన్నడు. నవ్వుకుంటనే అన్నడు."

ఆ నవ్వు ఎలా ఉంటుందో అంజవ్వకు తెలుసు. ఎడమ పక్కకు కొంచెం వంగి, ఎదుటివాళ్ళను కూడా నవ్వమని పిలిచే నవ్వు. చాయ్ గ్లాసులు అందిస్తూ దానితో పాటు తానెన్నిసార్లు నవ్విందో లెక్కలేదు.

ఆ పూట గంగాదాస్ వచ్చి డబ్బా నల్లా పక్కన పెట్టగానే ఆమె చాయ్ ఇచ్చి నిలబడింది. ఇంకో అవకాశం ఇద్దామనుకుంది, ఆయనకో, తనకో. "నా బుక్కు దొరకలేదా?" అని అడిగింది.

"ఇంక గదే యాది చేస్తున్నవా? కాలిపోయింది కాలిపాయె. కొత్త డైరీ తెచ్చిస్త తియ్యి" అన్నాడు. కళ్ళలోకి చూసే అన్నాడు. భుజాన ఉన్న సంచిని మాత్రం మేకుకు తగిలించకుండా మంచం మీద తన పక్కనే పెట్టుకున్నాడు.

మర్నాడు పెరట్లో భీమవ్వ ఎండిన పసుపు కొమ్ములు విరుస్తుంటే అంజవ్వ వెళ్ళి ఎదురుగా కూర్చుంది. "అత్తా, నువ్వే బుక్కు కాలవెట్టినవని నెల సంది నీ మీద కోపం పెట్టుకున్న. నువ్వు కాదని నిన్న తెలిసింది" అంది.

ముసలామె చేతిలోని కొమ్ము విరిచింది. "నాకెరుకే. నా ముంగటనే సంచిల పెట్టుకున్నడు. నా మీదికి చెప్పిండని గుడ ఎరుకే. నువ్వు చెంబు గట్టిగ పెట్టినప్పుడే అర్థమైంది" అంది.

"మరెందుకు చెప్పలే?"

"కొడుకాయె" అంది భీమవ్వ. ఇంకో కొమ్ము అందుకుంటూ, "వాళ్ళ నాయన గుడ అంతే ఉండె. నేను వడ్లు దంచితే ఆయనకు రెక్కలు నొచ్చేటియి" అంది. అత్తాకోడళ్ళు ఇద్దరూ నవ్వారు. ఆ నవ్వులో అంజవ్వకు కొంచెం ఊపిరాడింది, కానీ ఆ ముసలామె ఊరుకున్న నెలరోజులు కూడా గుండెలో గుచ్చుకునే ఉన్నాయి. మోసం చేసినవాడు ఒకడు, చూస్తూ ఉన్నవాళ్ళు ఎందరో.

రెండు రోజులకు రూతమ్మ ఇంకో కబురు తెచ్చింది. ఇంట్లో దొరికే వస్తువులతో రంగులు చేసి చూపించమని మేడమ్ చెప్పిందట. సారు బుక్కు తీసి మొదటి పేజీ చూపించాడట. సున్నం మీద పసుపు వేస్తే ఖర్చు లేని ఎర్రరంగు, తాను కనిపెట్టిందే అన్నాడట. హాలు ముందుగోడకు కొత్తగా సున్నం వేసి, పిల్లలందరూ మందారాలు వేశారట. "గోడంత ఎర్రగ మండుతున్నదత్తా. వచ్చేది కాక ఆ పై బేస్తారం మేడమ్ పెద్దసార్లను తోలుకొస్తదట. నడిమి పెద్ద పువ్వు నేనే వేసిన" అంది పిల్ల.

ఆ గురువారానికి ఇంకా పన్నెండు రోజులుంది. అంజవ్వ వేళ్ళ మీద లెక్కపెట్టింది. ఆ గోడ పడమటి వైపుది, మధ్యాహ్నం నుంచి పొద్దుగూకేదాకా ఎండ దాని మీదే. ఎర్రరెక్క పేజీ తిప్పితే ఏముందో ఆయనకు తెలియదు. తప్పును ఎత్తుకుపోయాడు గానీ, తప్పు చేసినవాళ్ళు పదిరోజులు కొట్టం మీదికి ఎక్కి చూస్తారని ఆయనకు తెలియదు. ఒక్క మాట చెబితే చాలు. రోజూ సాయంత్రం చాయ్ అందించేటప్పుడు ఆ మాట నాలుక చివరిదాకా వచ్చేది. అంజవ్వ చెప్పలేదు. కడిగిన బ్రష్షులు నిలబెట్టి లోపలికి వెళ్ళిపోయేది. అందులో ఒక సంతోషం ఉంది, ఎందుకు దాచాలి, పదమూడేళ్ళలో ఎరగని సంతోషం.

గురువారం పొద్దున ఆశమ్మ రొప్పుకుంటూ వచ్చింది. "దాసన్న రమ్మంటుండు జల్ది. ఎర్రరంగు డబ్బా, బ్రష్షులు తీసుకొని రమ్మన్నడు. గోడ ఖరాబయ్యింది, నాలుగు దినాల సంది వెలుస్తుంటె ఏం గాదన్నడు. మేడమోళ్ళు వచ్చే లోపట సరిచెయ్యాల్నట. ఎనక దర్వాజ నుంచి రమ్మన్నడు."

అంజవ్వ బ్రష్షులు తీసుకుంది. ఎనామిల్ డబ్బా తీసుకుంది. చీర మార్చుకుంది. మార్చుకుంటూ ఉండగా తనెందుకు మార్చుకుంటోందో ఆమెకు తెలియలేదు. వెనక తలుపు నుంచి వెళ్ళమన్న మాట గుర్తుంది గానీ కాళ్ళు ముందువైపుకే నడిచాయి. అప్పటికే జీపు వచ్చేసింది.

ముందుగోడ మీద మందారాలు లేవు. పసుపో, గోధుమో తెలియని మరకలు వరసగా ఉన్నాయి, ఎవరో చెయ్యి తుడిచినట్టు. మధ్యలో పెద్ద మరక ఒకటి. మేడమ్, ఇద్దరు పెద్దసార్లు గోడ వైపు చూస్తున్నారు. ఆడపిల్లలు ఇరవైమంది ఒక పక్కకు నిలబడ్డారు. గంగాదాస్ చేతిలో డైరీ ఉంది, ఖాకీ అట్ట వేసి, మీద చక్కటి అక్షరాలతో 'దాస్, నా అనుభవాలు' అని రాసుకున్నాడు. అక్షరాలు బాగున్నాయి. అవి ఎప్పుడూ బాగుంటాయి.

"ఏమైంది దాస్ గారూ?" అని మేడమ్ అడుగుతోంది.

"ఏం జేయాలె మేడమ్, పిల్లల తప్పు. పాళ్ళు సరిగ కలపలేదు. గీ రూతమ్మకు నేను చెప్పిందొకటి, ఆమె చేసిందొకటి. రేపు నేను సాఫ్ జేస్త" అన్నాడు గంగాదాస్.

రూతమ్మ తల వంచుకుని నిలబడింది. చున్నీ కొసను వేలికి చుట్టుకుంటోంది. పన్నెండేళ్ళ కింద అంకాపూర్ తోవలో సేటు గోడ ముందు అంజవ్వ కూడా కొంగును అలాగే చుట్టుకుంది. అదే మాట, అదే గొంతు. పన్నెండు రోజులు దాచుకున్న సంతోషం అక్కడికక్కడే చేదైపోయింది. ఆయన పరువు పోతుందని చూస్తూ ఊరుకుంది, పోయింది ఈ పిల్లది. ఎండకు ఆగదని తనొక్క మాట చెప్పి ఉంటే ఈ పిల్ల ఇలా నిలబడేది కాదు. ఇది కూడా బుక్కులో రాసుకోవలసిన తప్పే, అనుకుంది అంజవ్వ. తప్పు తెలిశాక ఏం చేయాలో ఆమెకు ఎవరూ నేర్పక్కర్లేదు. ఇన్నేళ్ళూ చేసింది అదే.

బ్రష్షుల డబ్బా గోడవారగా దించి ముందుకు వచ్చింది. "పిల్ల తప్పు కాదు మేడమ్. పాళ్ళు ఎట్ల కలిపినా గంతే. సున్నం మీద పసుపు ఎండకు ఆగది. పదిదినాలల్ల పోతది" అంది.

మేడమ్ తిరిగి చూసింది. "మీరెవరమ్మా?"

"మా ఆమె మేడమ్. బ్రష్షులు తెచ్చింది" అన్నాడు గంగాదాస్, ఎడమ పక్కకు కాస్త వంగి నవ్వుతూ. ఈసారి ఎవరూ కలిసి నవ్వలేదు. అంజవ్వా నవ్వలేదు. "గా బుక్కుల ఉన్నది మేడమ్. మొదటి పేజి తిప్పితే రెండు పేజీలు అంటుకొని ఉంటయి. గవి నేనే అంటించిన మైదాతోని. లోపట వెలిసిపోయిన రెక్క ఒకటుంటది. దాని కింద నా చేతిరాత ఉంటది. బ్లేడుతోని కోసి చూడున్రి" అంది.

"ఇంటికి పా, మాట్లాడుకుందాం" అన్నాడు గంగాదాస్ గొంతు తగ్గించి. డైరీని సంచిలో పెట్టబోయాడు. మేడమ్ చెయ్యి చాపి పట్టుకుంది. పెన్సిలు చెక్కే బ్లేడు ఎవరో పిల్ల ఇచ్చింది. మైదా ఎండి గట్టిపడింది, అంచు ఊడిరావడానికి కాస్త సేపు పట్టింది. లోపల వెలిసిన రెక్క, గోడ మీది మరక రంగులోనే ఉంది. మేడమ్ దాని కింద ఉన్న అక్షరాలు పైకే చదివింది, పిల్లలందరూ వినేలా.

"ఎండకు ఆగలేదు. పసుపు కలుపమన్నది ఆయననే. సేటు ముంగట మా ఆమె తప్పు అన్నడు. నేను ఊకున్న."

రూతమ్మ తలెత్తి ముందు సారును చూసింది, తర్వాత అంజవ్వను చూసింది. గంగాదాస్ ఖాకీ అట్ట మీద తాను రాసుకున్న అక్షరాల వైపు చూస్తున్నాడు. అంజవ్వ మేడమ్ చేతిలోంచి డైరీ తీసుకుంది. పేజీలు తిప్పింది. నల్లబడ్డ గులాబీ, దుమ్ము పట్టిన లక్ష్మి, బురదైన చెరువు, ముసలామె మొహంలోని నీడ. ఒక్కొక్కటీ ఉంది. అన్నీ చూసుకున్నాక మళ్ళీ మొదటి దగ్గరికి వచ్చి, అప్పుడే తెరుచుకున్న పేజీ మీద వేలు పెట్టింది.

"గీ బుక్కుల తప్పులన్ని నాయే మేడమ్" అంది. "గీ ఒక్కటే ఆయనది."